భర్తీ పని

పదవీ విరమణకు ముందటి వానాకాలంలో నేను ముంబై నాగ్‌పాడాలోని ఒక వైద్య పరీక్షా కేంద్రంలో సీనియర్ ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల ఆరోగ్యం పరీక్షించడం మా కేంద్రం పని. బరువు, బీపీ, రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే. అన్నీ సరిగా ఉంటే డాక్టరుగారు ‘ఫిట్’ అని సంతకం పెడతారు. సంతకం పెట్టే హక్కు మాకు లేదు. ఎక్స్‌రే మసకగా వస్తే తిట్లు మాత్రం మాకే.

ఒక ఉదయం కామాటిపురా నుంచి శీను వచ్చాడు. మేం ఒకప్పుడు ఉన్న చాల్‌లో, ఆ వరుస గదుల్లోనే పుట్టినవాడు. వాళ్ల తాత పాలమూరు నుంచి మట్టిపనికి వచ్చి, వర్లిలో సముద్రాన్ని తానొక్కడే పూడ్చినట్టు చెప్పుకునేవాడు. శీను వెంట తల్లి బాలమణి, ఒక ఏజెంటు ఉన్నారు. ఏజెంటు కూడా తెలుగువాడే, ఫాక్‌లాండ్ రోడ్‌లో ఉంటాడు. యుద్ధం జరుగుతున్న ఒక దేశానికి మనుషుల్ని పంపుతున్నాడు. అక్కడి ప్రభుత్వం తన కుర్రాళ్లను బలవంతంగా ఫౌజులోకి లాగుతోందని, దొరక్కుండా వాళ్లు సరిహద్దులు దాటి పారిపోతున్నారని టీవీలో రోజూ చూస్తూనే ఉన్నాం. శీనుది మాత్రం యుద్ధానికి దూరంగా కట్టుబడి పని అన్నారు.

ఎక్స్‌రే అయ్యాక ఏజెంటు ఇంకొన్ని పరీక్షలు అడిగాడు. ఊపిరి బిగబడితే ఛాతీ ఎంత పెరుగుతుంది, అరికాళ్లలో వంపు ఉందా, రెండు కళ్లలో దేనికి బాగా కనిపిస్తుంది. నా సర్వీసంతా తాపీమేస్త్రీలను గల్ఫుకు పంపాను. ఇటుక పేర్చడానికి ఏ కన్ను మంచిదని అడిగిన ఆసామి ఒక్కడూ లేడు. అవి ఫౌజులో చేరేవాళ్లకు చేసే పరీక్షలు. నాకు ఒళ్లు మండింది. శీనును పక్కకు పిలిచి, ఏం పనిరా అని అడిగాను.

“భర్తీ పని అత్తా. దిగిన మర్నాడే భర్తీ అన్నడు. ముర్రం పోసుడు, చదును చేసుడు. మనకు పుట్టువిద్యనే గద. టెన్షన్ నకో.”

ముంబైలో భర్తీ అంటే సముద్రానికి పోటు. మట్టిపనివాళ్లకు గుంత పూడ్చడం. ఫౌజులో చేర్చుకోవడాన్ని కూడా భర్తీ అనే అంటారు. ఏజెంటు అబద్ధం ఆడలేదు. ఏ చెవికి ఏది వినిపిస్తుందో తెలుసు కనుక ఆ ఒక్క మాట అని ఊరుకున్నాడు.

సంగతి చెబితే శీను నవ్వాడు. తల్లి నవ్వలేదు. బెంచీ మీంచి లేచి ఏజెంటు ఎదుట నిలబడింది.

“ఏం భర్తీ తమ్మీ? గుంతలు దేనితోని నింపుతరు? మట్టితోనా, మా పోరగాండ్లతోనా?”

కాయితాల్లో హెల్పరనే ఉందని ఏజెంటు అన్నాడు.

“తుపాకి పట్టిస్తరా, పట్టియ్యరా? గది చెప్పు.”

“అది ఆడున్న సార్ల చేతిల ఉంటది వదినె.”

శీను నవ్వు ఆపి, ఏజెంటుకు ఇచ్చిన పాస్‌పోర్టు తిరిగి ఇమ్మన్నాడు. కొన్నాళ్లు పడుతుందని ఏజెంటు నసిగాడు. బాలమణి బయటికి వెళ్లి అతని మోటారు సైకిలెక్కి కూర్చుంది. వాన పడుతున్నా దిగలేదు. పాస్‌పోర్టు మధ్యాహ్నానికే వచ్చింది. నేను డాక్టరుగారికి చెబితే, సైనిక పరీక్షలు ఇక్కడ చేయబోమని ఏజెంటును పంపించేశారు.

వారం తిరక్కుండా అతను మళ్లీ వచ్చాడు, నలుగురు కుర్రాళ్లతో. ఈసారి కళ్ల గురించీ కాళ్ల గురించీ అడగలేదు. తల్లులెవరినీ వెంట తీసుకురాలేదు. ఏం పనని నేను తెలుగులో అడిగితే నలుగురూ హిందీలో ‘హెల్పర్ కా కామ్’ అన్నారు. అక్కడ తుపాకి ఇస్తారని చెప్పాను. మాలూం హై, తెలుసు అన్నాడొకడు, మిగతావాళ్లు గోడ చూశారు. డాక్టరుగారికి మళ్లీ చెప్పాను. మామూలు పరీక్షలు అడిగితే కాదనే అధికారం మనకు లేదన్నారు.

ఒక్కడికైనా ఊపిరితిత్తి మీద మచ్చ దొరుకుతుందేమోనని నాలుగు ఎక్స్‌రేలూ వెలుతురుకు పెట్టి వెతికాను. నా సర్వీసులో మచ్చ కావాలని వెతకడం అదొక్కసారే. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. నలుగురూ ఫిట్.

మనిషి ఆరోగ్యంగా ఉన్నాడని రుజువు చేస్తే వాడికి మేలు చేసినట్టేనని అంతవరకూ అనుకున్నాను. అది మేలో కాదో, ఆ రుజువు ఎవరికి కావాలో దాన్ని బట్టి ఉంటుంది.