ప్రాసెసర్‌తో కండెలు చుట్టించాను

రెండేళ్ల క్రితం బెంగళూరు కంపెనీ ఉద్యోగాన్ని ధర్మవరంలో మా ఇంటి నుంచే చేసేదాన్ని. ఒక బ్యాంకు మెయిన్‌ఫ్రేమ్‌లో నడిచే ప్రోగ్రాములు మా టీమ్ బాధ్యత. వాటి తాత్కాలిక ఫైళ్లు డిస్కు మీద ఉండేవి. నేను వాటన్నిటినీ మెమరీలోకి మార్చాను. ప్రోగ్రాముల పని సగం సమయంలోనే అయిపోయింది. అందరికీ గొప్పగా మెయిల్ పెట్టాను.

మర్నాడు పగలు అవే ప్రోగ్రాములు నడుస్తుండగా బ్యాంకు శాఖల్లో కంప్యూటర్లన్నీ నత్తనడక పట్టాయి. మీటింగులో మేనేజర్ నన్నే అడిగారు.

"టైమ్ చూశావు సరే, ప్రాసెసర్ ఎంత వాడుతోందో చూశావా?"

చూడలేదు. డిస్కు మీద రాసేటప్పుడు డేటాను మోసే పని మెషీన్‌లో వేరే భాగం చూసుకుంటుంది. మెమరీలోనైతే ప్రతి రికార్డునూ ప్రాసెసరే మోయాలి. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

మగ్గం మీదున్న నాయన నా మొహం చూసి ఏమైందన్నాడు. ఏడుస్తూ చెప్పాను.

"నేసేవాణ్ణే కండెలకు దారం గూడా చుట్టుకోమంటే చీర యాడ ముందుకు పోతాదమ్మా? యాడుండేవి ఆడ పెట్టేయ్" అన్నాడు.

పెద్ద ఫైళ్లను తిరిగి డిస్కుకు పంపాను. శాఖల్లో కంప్యూటర్లు మళ్లీ మామూలు వేగానికి వచ్చాయి. సాయంత్రం మేనేజరే ఫోన్ చేసి, "కొత్తలో నేనూ ఇదే చేశాను, నిద్రపో" అన్నారు.

ఫోన్ పెట్టేసి చూస్తే, అమ్మ రాట్నం ముందు కూర్చుని నాయన నాడెలో పెట్టుకునే చిన్న గొట్టాలకు, ఆ కండెలకే, పట్టు చుడుతోంది. ఎవరడిగినా మా నాయన చీరలు నేస్తాడనే చెప్పేదాన్ని. ఆ రోజు నుంచి మా అమ్మానాయనలు నేస్తారని చెబుతున్నాను.