బ్రేక్ ఆయిల్ గీత

షెడ్ల వీధిలో అతన్ని అందరూ టెస్టరు బాబాయి అంటారు. ముప్ఫై ఏళ్లుగా కార్లలో వైర్ల పనే. తన పెళ్లి ఫొటోలో కూడా చెవి వెనక టెస్టరు ఉంటుంది. పనిలో వంక పెట్టలేం గానీ, తప్పు తనదని ఒప్పుకోవడం మాత్రం ఆ మనిషి ఒంట్లో లేదు. ఆ ముక్క వినాలన్న ఆశ భార్య ఎప్పుడో వదులుకుంది.

ఆ పొద్దున బాబాయి వాళ్ల బావ తన పాత కారు తెచ్చాడు. తండ్రి నడిపిన బండి, ప్రాణంలా చూసుకుంటాడు. రెండు రోజులుగా డాష్‌బోర్డు కింద బజర్ ఒకటే మోతట. పక్క సీట్లో అక్క. పదకొండింటికల్లా కొండ దిగి అవతలి ఊరు చేరాలని ఇద్దరికీ ఒకటే తొందర.

ఆ బండిలో ఒక్క బజరే నాలుగింటికి మోగుతుంది: తలుపు సరిగా పడకపోయినా, లైట్లు ఆర్పకపోయినా, హ్యాండ్‌బ్రేక్ దించకపోయినా, బ్రేక్ ఆయిల్ తగ్గినా. బాబాయి ఒక్కో వైరే విప్పాడు. మూడు విప్పినా ఆగని మోత నాలుగోది విప్పగానే ఆగింది. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూశాడు. పాత ప్లాస్టిక్ డబ్బా, పసుపెక్కిపోయింది. ఆయిల్ గీత పైదాకా ఉంది. మూత తీసి చూడాల్సిందే, కానీ బావ గడియారం వంక చూస్తున్నాడు. ఆయిల్ నిండా ఉందని, డబ్బాలో స్విచ్చే పోయిందని తేల్చేసి, వైరు కత్తిరించి టేపు చుట్టాడు. బావ అతని భుజం తట్టి బయల్దేరాడు.

సామాను సర్దుతుంటే, కారు ముందు చక్రం నిలిచిన చోట బాబాయి చెప్పు జారింది. తడిని వేలితో తాకాడు. నీళ్లు కాదు, ఇంజినాయిలూ కాదు. వాసన చూశాడు. బ్రేక్ ఆయిలే. తాను చూసిన గీత ఏళ్ల తరబడి డబ్బాకు పట్టిన మరక. లోపల ఆయిల్ ఎంతుందో తాను చూడనేలేదు.

బావ ఫోను ఎత్తలేదు. అక్కకు చేస్తే ఎత్తి, ఇంకో మలుపు తిరిగితే కొండ దిగడమే అంది. అప్పుడు కూడా బాబాయి నోరు పాత దారే పట్టింది. వైర్లు చూసే తన మీటరు కారులో ఉండిపోయింది, కాస్త ఆపమన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఇస్తాలే అని బావ గొంతు వినబడింది. ఇంజిను రొద తగ్గలేదు.

ఇంకో సాకు వెతికే లోపు అక్క దక్కదు.

"అక్కా, మీటరూ లేదు, గీటరూ లేదు. తప్పు నాది. బ్రేక్ ఆయిల్ కారిపోతోంది. బజర్ అందుకే మోగింది, నేనే దాని నోరు నొక్కేశాను. మలుపు తిరగొద్దు. గేరు తగ్గించి హ్యాండ్‌బ్రేక్ మెల్లగా లాగమను."

"తప్పు నీదా?" అంది అక్క, ముందు ఆ మాటే నమ్మలేక.

"నాదే. ముందు బండి ఆపించు."

ఆమె గబగబా బావకు చెప్పడం వినబడింది. బ్రేకు అందడం లేదని బావ అన్నాడు. గేరు గర్రుమంది. కంకర మీద టైర్లు బరబరా ఈడ్చుకుపోయాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. బాబాయి గోడ పట్టుకుని అక్కా అక్కా అని పిలుస్తూనే ఉన్నాడు.

"ఆగింది," అంది అక్క చివరికి. "నువ్వు వెంటనే ఇక్కడికి రా. నిన్ను తనివితీరా తిట్టాలి."

బాబాయి షెడ్డుకు తాళం కూడా వెయ్యకుండా స్కూటరెక్కాడు. తిట్లు తినడానికి జీవితంలో ఎన్నడూ అంత సంతోషంగా వెళ్లలేదు.