సాయంత్రం బండి కోసం అడిగిన డాక్టరమ్మగారు

పటమటలో ఉండే డాక్టరమ్మగారు పోయారని ట్రస్టు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. అప్పుడు నేను చేలో ఉన్నాను. "అలాగా అండీ" అన్నాను. గట్టు మీద కూర్చుండిపోయాను.

చల్లపల్లి అవతల మా ఊరికి ఆ ట్రస్టువాళ్ళ వైద్యం బండి వస్తుంది. బీపీ, షుగరు చూసి ఉచితంగా మందులిస్తారు. బండి ఎలా నడవాలో చెప్పడానికి సలహా కమిటీ ఒకటి ఉంది. వైద్యం తెలిసిన మనిషిగా ఆవిడ, ఊరి మనిషిగా నేను అందులో ఉండేవాళ్ళం. మీటింగులు బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో. ఆ ఏసీ గదిలో నాకు నోరు పెగిలేది కాదు. ఆవిడ ఎప్పుడూ ఆఖరునే మాట్లాడేవారు. "ముందు మీరు చెప్పండి అన్నయ్యగారూ. నేను మొదలెడితే అందరూ తలూపేస్తారు" అనేవారు.

పరగడుపున షుగరు చూడవచ్చని, బండిని పొద్దున్నే రమ్మన్నది ఆవిడే. ఒకరోజు చూద్దామని మా ఊరు వచ్చారు. వరసలో అందరూ మగవాళ్ళే. చేపల తట్టను ఆటోలోకి ఎక్కిస్తున్న ఒకామె గట్టిగా అంది.

"బండి మా మొగోళ్ళ కాలక్షేపానికి పెట్టారా ఏంటమ్మా? ఈ టయానికి మేం మార్కెట్లో ఉండొద్దూ?"

"డాక్టరమ్మగారితో ఆ మాటలేంటే!" అని మగవాళ్ళు కసిరారు.

"ఉండండయ్యా, నిజమేగా" అని ఆవిడ ఆమె వైపు తిరిగారు. "నీకెప్పుడు వీలమ్మా?"

"పొద్దుగూకేటప్పుడు రండి. చేతులు కడుక్కుని వస్తాం."

"కడుక్కోకపోయినా రా" అని నవ్వేశారు.

ఆ తర్వాతి మీటింగులో మాత్రం ఆవిడే ముందు నోరు విప్పారు. "తప్పు సలహా ఇచ్చానండీ. వచ్చి చూడకుండా చెప్పాను. సాయంత్రానికి మార్చండి." డ్రైవరు ఒప్పుకోడని, నర్సుకు వీలుకాదని ట్రస్టువాళ్ళు అన్నారు. చూద్దామన్నారు. ఆవిడ అడుగుతూనే ఉన్నారు, వాళ్ళు చూద్దామంటూనే ఉన్నారు. మంచాన పడ్డాక కూడా నాకు ఫోను చేసేవారు.

"ఇంకా పొద్దున్నేనా అన్నయ్యగారూ?"

"అవునండీ."

"నేను పెట్టించిన టైమండీ అది. నేనుండగానే మారాలి."

ఆవిడ పోయాక మార్చారు. అదేదో ఆవిడ ఉండగా చేస్తే ఏం పోయేదో నాకు తెలియదు.

మొదటి సాయంత్రం నేనూ వెళ్ళాను. ఆడవాళ్ళు బండి చుట్టూ మూగారు. ఆ చేపలామె అందరికంటే ముందు స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపింది. నర్సు బీపీ పట్టీ చుట్టింది.

"డాక్టరమ్మగారు రాలేదేం బాబాయ్? నా మాట నెగ్గించారుగా, ఆవిడకని కొరమేను తీసి ఉంచా."

ఆమెకెవరూ చెప్పలేదు.

"ముందు కదలకుండా కూర్చోమ్మా. అయ్యాక చెబుతాను" అన్నాను.

ఆమె నవ్వుకుంటూ చెయ్యి వదులుగా పెట్టింది. పట్టీలోంచి గాలి మెల్లగా దిగుతోంది.