మావయ్య పేరు కింద ఏం వేయించాలి

సైంటిస్ట్ అని ఎవర్ని అనాలి?

ఎమ్మెస్సీ రోజుల నుంచీ ఈ ప్రశ్న నాతోనే ఉంది.
దాన్ని నాకు తగిలించిన మనిషి నిన్న పొద్దున పోయారు.

సూర్రావు మావయ్య. మా అమ్మకి తమ్ముడు. పెద్దాపురం దగ్గర మెట్ట ఊళ్ళో రైతు.

ఫోన్ వచ్చేసరికి నేను ఇక్కడ రాజమండ్రిలో కాలేజీకి బయల్దేరుతున్నాను. వాళ్ళమ్మాయి లక్ష్మి. "నాన్న పోయారక్కా" అంది.
"ఎవరి నాన్న?" అని అడిగాను.
బుర్ర పనిచెయ్యలేదు.

కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలా వెనక్కి వాలిపోయారట.

మీలో చాలామందికి ఆయన తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

మెట్టలో బోరు వేయాలంటే ముందు నీళ్ళు చూసే మనిషి కావాలి. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని పొలమంతా నడుస్తారు. నీళ్ళున్న చోట కాయ లేచి నిలబడుతుందని నమ్మకం. అక్కడే బోరు దింపుతారు.

మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆ కాయ మావయ్య చేతిలో లేచినట్టు ఇంకెవరి చేతిలోనూ లేచేది కాదు. బండి పెట్టి తీసుకెళ్ళేవారు. ఎవరింటికెళ్ళినా మొదటి కుర్చీ ఆయనకే.

ఒకసారి ఆయన చూపించిన చోట చుక్క పడలేదు. బోరు లారీవాడు వంకరగా దింపాడన్నారు. ఎవరో మైలతో తొక్కారన్నారు. ఆయన్ని తప్ప అందర్నీ అన్నారు.

ఆయనకి మాత్రం మనసు కుదుటపడలేదు. నీళ్ళ సంగతి కాయకి తెలుస్తోందా, తన చేతికి అలవాటైపోయిందా?

నేను సెలవులకి వెళ్ళేసరికి జీడిమామిడి తోటలో కళ్ళకి తువ్వాలు కట్టుకుని తిరుగుతున్నారు. అత్తయ్య చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. కాయ లేచిన చోటల్లా నేను పుల్ల పాతాలి. మళ్ళీ ఇంకో దారిన తిప్పాలి. అక్కడే లేస్తుందా అని చూడాలి.

దాదాపు అక్కడే లేచింది. నేను చప్పట్లు కొట్టాను.

మావయ్యకి నచ్చలేదు. అత్తయ్యతో అన్నారు, "నీకు పుల్లలు కనిపిస్తున్నాయి కదా. తెలియకుండా నువ్వే నన్ను ఆపుతున్నావేమో."
"ఆహా, మీ శక్తి పోతే అదీ నా నెత్తినే పెట్టండి" అంది అత్తయ్య.

ఏ సంగతీ తెలియనివాళ్ళు నడిపించాలన్నారు. ఇంట్లో అలాంటిది గేదె ఒక్కటే.

పలుపు ఎడం చేతికి, కాయ కుడిచేతిలో. గేదె తిన్నగా కుడితి తొట్టి దగ్గరికి లాక్కుపోయింది.
అక్కడ కాయ ఠక్కున లేచి నిలబడింది.

"బోరు అక్కర్లేదండీ, నీళ్ళు పైనే ఉన్నాయి!" అని అత్తయ్య నేలమీద కూలబడి నవ్వింది. మావయ్యా నవ్వారు.

ఉన్నట్టుండి ఆగిపోయారు.

"కుడితి వాసనొచ్చింది. తొట్టి అని నాకు తెలిసిపోయింది. తెలిసింది కాబట్టే లేచింది."

మర్నాడు పుల్లల మీద ఆకులు కప్పేసి, వాటి సంగతి తెలియని పక్కింటావిడ చేత నడిపించాం.
ఒక్క చోటా కలవలేదు.

ఆ తరవాత ఎవరొచ్చి పిలిచినా ఒకటే మాట. "నాకు తెలియదండి. పరీక్ష చేసి చూసుకున్నాను."

ఎవరూ నమ్మలేదు. శంక పెట్టుకున్నాడు కాబట్టి శక్తి పోయిందన్నారు. పక్కూళ్ళో ఇంకో మనిషిని వెతుక్కున్నారు. కుర్చీ వేయడం మానేశారు. "ఏం సైంటిస్టు గారూ, గేదె ఏమంటోంది ఈవేళ?" అని టీ కొట్టు దగ్గర నవ్వేవారు.

యూనివర్సిటీలో మా ప్రొఫెసర్ గారికి ఇదంతా చెప్తే ముచ్చటపడ్డారు. "ప్రయోగం బాగుందమ్మా. అంతమాత్రాన సైంటిస్ట్ అయిపోరు. ఒక్క ప్రయోగం చేస్తే సరిపోతుందా?"

అదే మావయ్యకి చెప్పాను.
"పోనీ, ఎన్ని చేస్తే అవుతారు?" అన్నారు. ఎగతాళికి కాదు. నిజంగా తెలుసుకోవాలని.



నేను పీహెచ్‌డీ చేశాక మా వాదన ఇంకా ముదిరింది.
"ఇప్పుడు నువ్వు సైంటిస్టువా అమ్మడూ?"
"పాఠాలు చెప్తాను మావయ్యా."
"అంటే కాదా?"
"థీసిస్ రాసినప్పుడు అయ్యుంటాను."
"ఓహో, వచ్చి పోతుందన్నమాట. జలుబులాగ."

అలాగని ఆయన అన్నింటినీ తరచిచూసే మనిషేం కాదు. రాహుకాలం చూడకుండా గుమ్మం దాటేవారు కాదు. మరి దీన్నెందుకు పరీక్షించరూ అంటే, "అన్నీ పరీక్షిస్తూ కూర్చుంటే ఇంక బతికేదెప్పుడే?" అనేవారు.

అలాంటి మనిషిని సైంటిస్ట్ అంటే పులుసులో ఉప్పు చూసే ప్రతివాళ్ళనీ అనాలి.
అనకపోతే, పరువు పోతుందని తెలిసీ తన చేతినే అనుమానించిన మనిషిని ఏమనాలి?

ఇవాళ లక్ష్మి మళ్ళీ ఫోన్ చేసింది. పెద్దకర్మకి ఫ్లెక్సీ వేయిస్తున్నారు. పేరు కింద 'శాస్త్రవేత్త' అని ఉండాలని దాని పట్టు.

అత్తయ్య ఫోన్ లాక్కుంది. "బతికున్నన్నాళ్ళూ ఆ మాటతోనే ఏడిపించారు. ఇప్పుడు రోడ్డుమీద కట్టి మళ్ళీ నవ్వించాలా? రైతు అని వెయ్యమనవే. అందులో అబద్ధం లేదు."

"నువ్వు చదువుకున్నదానివి. నువ్వేదంటే అదే అక్కా" అంది లక్ష్మి.

సాయంత్రంలోగా చెప్పాలి.

రైతు అంటే సరిపోదనిపిస్తోంది. శాస్త్రవేత్త అందామంటే, ప్రేమకొద్దీ అంటున్నానేమోనని అనుమానం. ఊరు నవ్వుతుందన్న భయంతో వద్దంటున్నానా అని ఇంకో అనుమానం.

లక్ష్మికి ఇంకా ఫోన్ చెయ్యలేదు. ఏది సరైన మాటో నాకు నిజంగా తెలియడం లేదు.

వెళ్ళిరండి మావయ్యా. ఎక్కడున్నా మీ మనసు నెమ్మదిగా ఉండాలి.