పోస్టాఫీసుకు దారి

డెబ్బైల చివర్లో మట్టెవాడలోని ఒక బడిలో నేను లెక్కల మాస్టరును. ఆ లెక్కలు కూడా చాలావరకు సొంతంగా నేర్చుకున్నవే. ఇంగ్లీషు మాస్టరు బదిలీ కావడంతో ఎనిమిదో తరగతి ఇంగ్లీషు నా మీద పడింది. మొదటి వారం, అలవాటు కొద్దీ, ఒక పీరియడులో ఎవరెన్ని వాక్యాలు మాట్లాడుతున్నారో గీతలు పెట్టి చూశాను. నావి అరవై మూడు. నలభై ఆరుగురు పిల్లలవి కలిపి రెండు. ఆ రెండూ "యెస్ సార్".

ఈ అంకె ఎలా మారుతుందో చూడాలనిపించింది. చదవడం, వినడం, మాట్లాడడం, రాయడం విడివిడిగా చెప్పడం మానేసి, రెండు వారాలకు ఒకే విషయం తీసుకుని అన్నీ దాని చుట్టూ తిప్పాను. మొదటి విషయం 'దారి'. దారుల గురించి చదివారు. నేను చెబుతుంటే విని నోటుబుక్కులో దారి గీశారు. నాలుగు వాక్యాల్లో దారి చెప్పడం జంటలుగా అభ్యాసం చేశారు. చివరికి రైల్వే స్టేషన్ నుంచి తమ ఇంటికి ఎలా రావాలో చుట్టానికి ఉత్తరం రాశారు. కుడి, ఎడమ అన్న మాటలున్న ఉత్తరాలు ఏడే. మిగతా ముప్పై తొమ్మిదింటిలో ఒకటే సంగతి: మీరు దిగండి, నేను స్టేషన్‌కు వస్తాను.

ఎందుకిలా అని ఆలోచిస్తుండగానే హెడ్మాస్టరు పిలిచారు.

"ఏంది సార్, ఇంగ్లీషు పీరియడుల బొమ్మలు గీయిస్తున్నరంట? రేపు నేనొచ్చి దారి అడుగుత. ఇంగ్లీషుల మాట్లాడితే మీ ఇష్టమున్నట్టు చెప్పుకోండ్రి. లేకుంటే మల్ల ప్రశ్నలు, జవాబులు బట్టీ పట్టించుడే."

మర్నాడు వచ్చారు. నెక్కొండ నుంచి కొత్తగా చేరిన అమ్మాయి ముందు నిలబడి, ఊరికి కొత్తవారిలా, "వేర్ ఈజ్ ది పోస్టాఫీస్?" అన్నారు.

నేను గీతలు పెట్టడానికి పెన్సిలు పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఆమె బెంచీ దాటి తలుపు దగ్గరికి వెళ్లి, వెనక్కి తిరిగి, "కమ్ సార్" అంది.

"అగో, పెద్ద సార్‌ను తోల్కపోతాంది!" వెనక బెంచీ ఘొల్లుమంది.

హెడ్మాస్టరు నా వైపు చూసి, ఏమనుకున్నారో, ఆమె వెంట నడిచారు. మేమంతా కిటికీల దగ్గర చేరాం. గేటు ముప్పై గజాల దూరమే, మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"విచ్ విలేజ్, సార్?"

"నర్సంపేట."

"హూజ్ హౌస్ యూ కమ్? యూ ఏట్ రైస్? వాటర్ వాంట్, సార్?"

ఆయన జవాబులు చెబుతూనే ఉన్నారు, ఇంగ్లీషులోనే. నేను పాఠంలో ఎన్నడూ పెట్టని ప్రశ్నలవి. గేటు చేరేసరికి ఆమెవి పదకొండు వాక్యాలు లెక్కపెట్టాను. అక్కడ ఆయన ఆగిపోయారు.

"కుడి, ఎడమ చెప్తే నేనే పోత కద బిడ్డా?"

"కొత్తోళ్లు కద సార్. ఉత్త నోటితోని చెప్పి పంపుతరా?"

ఆయన తిరిగి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. 

"ఇంగ్లీషయితే మాట్లాడింది, దారి మాత్రం చెప్పలే," అన్నారు. "ఇంకో రెండు వారాలు ఇట్లనే చెప్పుండ్రి, చూస్త. గేటుకు మాత్రం తాళం ఎయ్యుండ్రి."