బయట తాళం

హెప్సిబాది కుదురులేని ప్రాణం. గ్యాస్ కట్టేసి వీధి చివరిదాకా వచ్చాక, కట్టానో లేదోనని మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసుకునే మనిషి. "ఏమే, చర్చిలో కళ్ళు మూసుకున్నా నీ మనసు స్టవ్వు మీదే ఉంటది" అని భర్త కాలేబు ఆటపట్టిస్తుంటాడు. అలాంటి మనిషికి ఈపూరు దాటాక వచ్చే ఊళ్ళో శాఖా గ్రంథాలయం అప్పజెప్పారు. ఒక గది, ముందు వరండా, వరండాలోకి ఒక పెద్ద కిటికీ. పేరుకు గ్రంథపాలకురాలు. ఊడ్చేదీ ఆమే, కుండలో నీళ్ళు నింపేదీ ఆమే.

పొద్దున తలుపు తీయగానే పేపర్ల మీద ముద్ర కొట్టి బల్లల మీద పెట్టాలి. వినడానికి ఇదేం పని అనిపిస్తుంది. పల్నాడులో ఏ పేపరు ముందు పెట్టావన్నది కూడా రాజకీయమే! కిటికీ దగ్గరి బల్ల నాగేశ్వరరావు గారి జట్టుది, ఎదుటి బల్ల దేవానందం మాస్టారి జట్టుది. ఒకరి పేపరు ముందు తెరిస్తే రెండోవారికి కడుపు మంట. అందుకని హెప్సిబా రెండు బల్లల మధ్య నిలబడి, రెండు చేతులతో రెండు పేపర్లూ ఒకేసారి పెట్టడం అలవాటు చేసుకుంది. ఆ తర్వాత సంతకాలు పెట్టించడం, తిరిగొచ్చిన పుస్తకాలు అరల్లో సర్దడం, చిరిగినవాటికి మైదా జిగురు పూసి ఆరబెట్టడం. పదకొండుకు మూసి, మళ్ళీ సాయంత్రం నాలుగుకు తెరవాలి.

ఆ మధ్యాహ్నపు విరామమే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

మోటార్లకు వైండింగ్ చేసే అలీ సాహెబ్ కూతురు మిస్బా. గ్రూప్ టూ పరీక్ష ఒకసారి తప్పింది. "రాసింది చాలు, టైలరింగ్ నేర్చుకో" అన్నాడు తండ్రి. ఆ పిల్ల టైలరింగ్‌కని చెప్పి లైబ్రరీకి వస్తోంది. మూసిన లైబ్రరీలో ఎవరినీ ఉంచకూడదు, మధ్యాహ్నం ఇంటికి పోతే అబద్ధం బయటపడుతుంది. "నన్ను లోపల పెట్టి బయట తాళం వేసుకొని పోండి మేడం, ఎవరికీ అనుమానం రాదు" అని మిస్బాయే దారి చూపించింది. అరల వెనక కూర్చుంటే కిటికీలోంచి కనపడదు. లోపలే ఒక మూల బాత్రూం ఉంది, కుండలో నీళ్ళున్నాయి. హెప్సిబా జాలిపడి ఒప్పుకుంది. ఒప్పుకున్న రోజు నుంచీ ఆమెకు మధ్యాహ్నం అన్నం సయించడం లేదు. ఇల్లు వెనక సందులోనే కాబట్టి, చెవి ఇటు వేసి కూర్చునేది. నాలుగింటికి వచ్చి చూస్తే తను మడిచిపెట్టిన పేపర్లు చిందరవందరగా ఉండేవి. "చదువుకుంటే చదువుకున్నావు, వరస తప్పించకమ్మా" అని మిస్బాను మందలించేది. ఆ పిల్ల తల వంచుకునేది.

ఇవాళ హెప్సిబా నరసరావుపేట పోవాల్సి వచ్చింది. పరీక్షల పుస్తకాలు కొత్తవి వచ్చాయనీ, ముందు వెళ్ళిన శాఖకే ఇస్తారనీ తెలిసింది. మిస్బా కోసమే బయలుదేరింది. ఎప్పట్లాగే పిల్లను లోపల పెట్టి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి బస్సెక్కింది. పుస్తకాల కట్ట దొరికింది. తిరుగు బస్సు సగం దారిలో నిలిచిపోయింది.

మిరపకాయల టిక్కీ బస్తాలతో వస్తున్న ట్రాక్టరు రోడ్డుకు అడ్డంగా బోల్తాపడింది. బస్తాలు పగిలి కాయలన్నీ రోడ్డు మీదే. గాలికి ఘాటు లేచి బస్సులో జనమంతా తుమ్ములే తుమ్ములు. హెప్సిబాకు తుమ్ము కూడా రాలేదు. ఏప్రిల్ ఎండ నిప్పులు చెరుగుతోంది. పక్క సీటావిడ ఫోన్లో ఎవరితోనో, "ఈపూరు పక్కంతా కరెంటు పోయిందంట, పొద్దుగూకేదాకా రాదంట" అంటోంది.

రేకుల కప్పు గది. ఫ్యాను లేదు. బయట తాళం. తాళంచెవి తన బ్యాగులో.

మిస్బాకు ఫోను లేదు. కాలేబు పని మీద పొరుగూరు పోయాడు. తాళం పగలగొట్టమని ఎవరికైనా చెబుదామంటే తన ఉద్యోగం పోతుంది, ఆ పిల్ల చదువు ఇంతటితో ఆగిపోతుంది. చెప్పకపోతే పిల్లకేమవుతుందో! నాగేశ్వరరావు గారి నంబరు తీసింది. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఫోను మళ్ళీ బ్యాగులో పెట్టింది. దేవానందం మాస్టారి నంబరు తీసింది. ఆయనకు చెబితే లైబ్రరీలో ఆడపిల్లను బంధించారని కలెక్టరు దాకా అర్జీ పెడతాడు. ఫోను మళ్ళీ బ్యాగులోకే పోయింది. బస్సు దిగింది, ఎక్కింది, మళ్ళీ దిగింది. "ప్రభువా, ఆ పిల్లని కాపాడు, నా ఉద్యోగం పోతే పోనీ" అని పైకే అనేసింది. కండక్టరు ఎగాదిగా చూశాడు. ఇక ఆగలేక నాగేశ్వరరావు గారికే చేసింది. ఆయన ఎత్తలేదు.

దారి తెరిపించి బస్సు ఊరు చేర్చేసరికి ఆమెకు ప్రాణం కళ్ళలోకి వచ్చింది. కట్టను చంకన పెట్టుకుని, చెప్పు తెగినా ఆగకుండా పరుగెత్తింది.

వరండాలో రెండు జట్ల ముసలాళ్ళూ కూర్చుని ఉన్నారు. అందరి చేతుల్లో పేపర్లు. తాళం వేసినది వేసినట్టే ఉంది. హెప్సిబా గుమ్మం ముందే నిలబడిపోయింది. తాళం తీయకుండా ఈ పేపర్లు బయటికెలా వచ్చాయి?

"కిటికీలోంచి ఆ పిల్లే ఇచ్చుద్ది" అన్నాడు నాగేశ్వరరావు గారు, పేపరులోంచి తల ఎత్తకుండానే. "రోజూ ఇచ్చుద్ది. నువ్వు కంగారు పడతావని చెప్పలా."

"అరవబాక తల్లీ" అని గొంతు తగ్గించి, దేవానందం మాస్టారు గోడ పక్కకు చూపించాడు.

కిటికీలోంచి కనపడని మూలలో, గోడ నీడన, అలీ సాహెబ్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందు ఒక పెద్ద బ్యాటరీ. దాన్నుంచి వైర్లు గోడ వెంట పాకి కిటికీ ఊచల దాకా పోయాయి. ఊచలకు కట్టిన చిన్న ఫ్యాను లోపలికి గాలి కొడుతోంది. హెప్సిబా కట్టను కింద పెట్టి అతని పక్కనే చతికిలబడింది.

"అలీ సాహెబ్, నన్ను క్షమించు. నీకు చెప్పకుండా..."

"మెల్లిగా అమ్మా, వింటది" అన్నాడతను. "ఫ్యాను నాగేశ్వరరావు గారిదని చెప్పించా. నేనున్నట్టు దానికి తెలవదు."

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"మొదటి నుంచీ తెలుసు. టైలరింగ్ నేర్చే పిల్ల నా చొక్కాకి ఊడిన గుండీ కుట్టలేకపోయింది. తెలవదా ఏంది నాకు? రోజూ రాత్రి ఏం కుట్టావమ్మా అని అడగతా. జాకెట్టంటది ఒకరోజు, లంగా అంటది ఒకరోజు. సరేనంటా."

"మరి చదువుకోమని ఒక్క మాట అనొచ్చుగా!" హెప్సిబాకు ఉక్రోషం వచ్చింది. మధ్యాహ్నం నుంచీ పడ్డ నరకమంతా ఆ మాటలో ఉంది.

"మా అన్నల ముందు మాటిచ్చా, ఇంక చదివియ్యనని. తెలుసని ఒప్పుకుంటే ఆపాల. తెలవనట్టుంటే అది చదువుకుంటది." వైర్లు చుట్టుకుంటూ లేచాడు. "నేను మలుపు తిరిగినాక తీయి అమ్మా తాళం."

అతను మలుపు తిరిగేదాకా ఆగి, హెప్సిబా కొంగుతో కళ్ళు తుడుచుకుని తలుపు తీసింది. మిస్బా చెమటతో తడిసిపోయి ఉంది గానీ ముఖం వాడలేదు. కట్టను చూడగానే లేచి వచ్చి, తాడు విప్పి, పై పుస్తకం తెరిచి వాసన చూసింది. అంతలోనే ఏదో గుర్తొచ్చి ముఖం చిన్నబుచ్చుకుంది.

"మేడం, ఇయ్యాల ఏం కుట్టావని రాత్రికి మా నాన్న అడగతాడు. జాకెట్టు, లంగా అన్నీ చెప్పేశా. చానా భయంగా ఉంది, ఏం చెప్పను?"

హెప్సిబా తాళాన్ని బల్ల మీద పెట్టింది.

"గుండీలు కుట్టడం నేర్చుకున్నానని చెప్పు."

"నమ్ముతాడంటారా?"

"నమ్ముతాడులే" అంది హెప్సిబా.