శివపిథెకస్‌కు సిందూరం

ఆళ్లగడ్డ బ్రహ్మయ్యాచారి చెక్కిన ఆంజనేయస్వాములు ఎన్ని ఊళ్లలో నిలబడి ఉన్నారో ఆయనకే తెలియదు. కానీ ఒక్క విగ్రహం మీదైనా ఆయన పేరుంటే ఒట్టు! రాతి మీద దాత పేరుండొచ్చు, చెక్కినవాడి పేరు మాత్రం ఉండకూడదని వాళ్ల నాయన నేర్పాడు. సరేనన్నాడే గానీ, ఎవరెవరి పేర్లో చెక్కినప్పుడల్లా ఆచారికి కడుపులో మండేది.

అట్లాంటి మనిషి దగ్గరికి నంద్యాల నుంచి లూదియా టీచర్ వచ్చింది. బడి ఆవరణలో పెట్టడానికి పాతకాలపు కోతుల వరస కావాలంది. "ఇవి దేవుళ్లు కాదు గదన్నా, చివరి బొమ్మ కింద నీ పేరు చెక్కుకో" అంది. అంతే, ఆచారి కాళ్లు నేల మీద ఆనలేదు.

టీచర్ బొమ్మలు చూపించి వివరంగానే చెప్పింది. మూడు కోట్ల ఏళ్ల కింద ఈజిప్టులో తిరిగిన ఈజిప్టోపిథెకస్ ఒకటి, ఆ తర్వాతెప్పుడో ఐరోపాలో తిరిగిన మీసోపిథెకస్ ఒకటి, కోటి ఏళ్ల కింద మన శివాలిక్ కొండల్లో బతికిన శివపిథెకస్ ఒకటి. చెట్టు కొమ్మలు చీలినట్టు ఒక కొమ్మ తోకున్న కోతులైందట, ఇంకో కొమ్మ తోకలేని ఏప్‌లైందట, మనమూ ఆ రెండో కొమ్మ వాళ్లమేనట. ఆచారి అన్నిటికీ తలూపాడు. వింటే కదా! ఆయన మనసు అప్పటికే తన పేరులోని ఒత్తుల దగ్గరుంది.

మొదటి రెండూ బంగారంలా కుదిరాయి. మూడోదాని ఫొటోలో ముఖమే కనబడుతోంది. చెయ్యి ఆగుతుందా? అలవాటు కొద్దీ వీపు వెనక నుంచి నెత్తి దాకా బ్రహ్మాండమైన తోక లేపేశాడు.

టీచర్ వస్తానన్న రోజు మంగళవారం. పొద్దున్నే ఆయన భార్య ఉమామహేశ్వరమ్మ మూడో బొమ్మను చూసి మురిసిపోయింది. సిందూరం పూసింది, తమలపాకుల దండ వేసింది, కర్పూరం వెలిగించింది.

"ఇన్నాళ్లకు మంచి స్వామిని చేసినావయ్యా! మూతి ఒక్కటే కొంచెం ముందుకొచ్చింది" అంది.

ఆచారి నోరు తెరిచేలోపే లూదియా టీచర్ ఆటో దిగింది. బొమ్మను చూసి పగలబడి నవ్వింది.

"అన్నా, దీనికి తోకేంది? శివపిథెకస్ తోకలేని కొమ్మది అని చెప్పినా గదా! ఇట్ల పెడితే పిల్లోళ్లకు తప్పు నేర్పినట్టయితాది. నేను తీసకపోలేను."

చివరి బొమ్మ పోతే పేరూ పోయినట్టే. ఆచారి ఉలి, సుత్తి అందుకున్నాడు. ఉమామహేశ్వరమ్మ రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది.

"సిందూరం పెట్టిన రాయి మీద ఉలి పెడతావా? నీకేమన్నా మతి పోయిందా?"

ఆమె మాట నిజమే. పూజ అందుకున్న రాయిని ఏ ఆచారీ ఉలితో తాకడు. ఏం చెయ్యాలో తోచక ఆయన బొమ్మ ముఖం వైపు చూశాడు. చూసి ఎగిరి గంతేశాడు!

"ఏమే, కండ్లు తెరిచినానా నేను? చూడు!"

విగ్రహానికి కళ్లు చివర్న చెక్కి తెరవడం వాళ్ల వంశాచారం. అక్కడ ఇంకా ఉత్త రాయే ఉంది. ఉమామహేశ్వరమ్మ వేలితో తడిమి చూసింది.

"కండ్లు తెరవందే స్వామి యాడ్నుంచి వస్తాడు! సరే, కొట్టు. ఒక మాట చెప్పి కొట్టు."

"కోతి తాతా, తప్పు నాది. ఈ తోక నీది గాదు" అని దండం పెట్టి ఆచారి దెబ్బ మీద దెబ్బ వేశాడు. తోక ఊడి గోనెసంచి మీద పడింది. వీపు చెక్కు చెదరలేదు.

"మన తాతలకూ ఇట్లనే పోయింది. వెన్ను కింద ముక్క ఇంకా ఉంది, చూసుకోండి" అంది టీచర్. ముగ్గురూ రాతి దుమ్ములో నిలబడి వెనక్కి చేతులు పెట్టి తడుముకున్నారు. అటు పోయేవాళ్లు ఆగి చూస్తున్నారని కూడా లేదు, ఒకటే నవ్వు. ఉమామహేశ్వరమ్మ తోకను మాత్రం వదల్లేదు. పసుపునీళ్లతో కడిగి దేవుడి గూట్లో పెట్టుకుంది.

ఆచారి సిందూరం కడిగి, కళ్లు తెరిచి, పీట మీద తన పేరు చెక్కాడు. పెద్ద అక్షరాలతో, ఒత్తులన్నీ ఒళ్లు విరుచుకునేలా చెక్కాడు.

నంద్యాల బడిలో బొమ్మలు నిలబెట్టిన రోజు పిల్లలు ఎగబడ్డారు. ఒక పాప వంగి కూడబలుక్కుని చదివింది.

"ఒరే, ఈ కోతి పేరు బ్రహ్మయ్యాచారంట!"

బడంతా కేరింతలు. టీచర్ గాభరాగా ముందుకొచ్చింది. ఆచారి ఆమెను ఆపాడు, నవ్వి నవ్వి ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఉండనీ మేడం. మా తాతకు నా పేరు పెడితే తప్పేంది?"

"మరి చెక్కిందెవరు తాతా?" అని అడిగింది పాప.

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన్ను ఒక్కరూ అడగలేదు.

"నేనే!" అని బడంతా వినపడేట్టు అరిచాడు. "నేనే చెక్కినా!"